లాభం, రెండు, మూడు

ఒకటి అనకూడదు, లాభం అనాలి.
బడి కంటే ముందు నాకొచ్చిన పాఠం అది.
దింపు అయిన మర్నాడు, మంచు ఆరని తోటలో
కాయల రాశి పక్కన గొంతుక్కూర్చుని
మా నాన్న చేతికొకటి చొప్పున జతలు విసురుతుంటే
ఆయన గొంతు వెనకాలే నా గొంతు.
లాభం, రెండు, మూడు...

నలభై ఆరు. నలభై ఏడు. నలభై ఏడు. నలభై ఎనిమిది.

అంకెల వరసే అంత అనుకున్నాను,
ఊపిరి తీసుకోడానికి అక్కడ ఒకసారి ఆగుతాయని.
రెండో తరగతిలో మేరీరత్నం టీచరు
చింతగింజలు పోసి లెక్కపెట్టమంది.
నలభై ఏడు రెండుసార్లు అన్నందుకు
మోకాళ్ళ మీద నిలబెట్టింది.
ఇంటికొచ్చి చెబితే నాన్న పడీ పడీ నవ్వాడు.
సాయంత్రం అంబాజీపేట నుంచి వేరుశనగ అచ్చు తెచ్చి
"బడిలో ఒకసారి, తోటలో రెండుసార్లు" అన్నాడు.
అమ్మ పొయ్యి ఊదుతూనే ఉంది. ఏమీ అనలేదు.
అచ్చులో సగం విరుచుకుని తనూ తింది.

సుబ్బాయమ్మ గారి మెరకలో
ప్రతి దింపుకీ నాకో బోండాం.
"అబ్బులు లెక్కంటే రామకోటి లెక్కే" అనేదావిడ
సరిగా ఆనని కళ్ళతో రాశికేసి చూస్తూ.
లేత కొబ్బరి గోరుతో గీరుకుంటూ నేను
ఆ చోటు రాగానే గొంతు పెంచేదాన్ని,
నాన్న గొంతు వినపడకుండా.
అప్పటికి నాకు తెలుసు.
తెలీదని చెప్పుకోవడమే బావుంటుంది గానీ, తెలుసు.

మా తాత కూలీలకి గింజలు కొలిచేటప్పుడు
తవ్వలో బొటనవేలు పెట్టేవాడట.
ఈ మాట పండక్కి పేరు చెప్పినట్టు చెప్పేవారు మా ఇంట్లో.
నా బొటనవేలు అచ్చం ఆయనదేనట,
కొస దగ్గర కాస్త వెడల్పు.

ఒకేడు ఆవిడ మనవడు సెలవులకొచ్చి
కాయ కాయకీ సుద్దముక్కతో గీత పెట్టాడు.
కొబ్బరిమట్టతో కొట్టారు నాన్నని, కాలవ గట్టు మీద.
నిలబడి లెక్కపెట్టాను. వేరే పని రాదు నాకు.
పన్నెండో పదమూడో.
నలభై ఏడు దాకా వెళ్ళలేదు.

ఇప్పుడు మా డ్వాక్రా సంఘం పుస్తకం రాసేది నేనే.
పది మంది పొదుపు నా ఒళ్ళో పోస్తారు,
చేపల వాసన నోట్లు, పీచు అంటిన నోట్లు.
ఆ అంకె దగ్గర నాలిక మడతపడుతుంది.
మళ్ళీ మొదట్నుంచి. ఇంకోసారి మొదట్నుంచి.
"మంగతాయారు ఎంత నిక్కచ్చో" అంటారు ఆడాళ్ళు.
మావాడి స్కూలు ఫీజు కట్టాల్సిన జూన్ నెల ఒకటుంది.
ఆ నెల సంగతి ఇక్కడ రాయను.

నిన్న పొద్దువాలాక పిల్లలు దాగుడుమూతలు ఆడారు.
పీచు గుట్టకి మొహం ఆనించి మావాడు లెక్కపెడుతున్నాడు.
బియ్యం చేటతో గుమ్మంలో ఆగిపోయాను.
వాడు 'వన్' అనే మొదలెట్టాడు. ఇంగ్లీషు మీడియం.
మా నాన్న అంకెలు ఆ భాషలోకి పడవ దాటి రాలేవనుకున్నాను.
ఫార్టీ సిక్స్. ఫార్టీ సెవెన్. ఫార్టీ ఎయిట్.
చేట కింద పెట్టాను.
సెవెంటీ నుంచి నైంటీకి ఒక్క గెంతు.
వేళ్ళ సందుల్లోంచి చూస్తూ హండ్రెడ్ అని కేక.

"పిల్లలన్నాక అంతే" అన్నాడు మా ఆయన.
నిజమే, అందరి పిల్లలూ అంతే.
అందరి పిల్లలకీ ఆ తాత లేడు.

వాణ్ణి పిలిచాను. ఏం చెప్పాలో తెలీలేదు.
చెంపకి అంటిన పీచు దులిపాను.
"ఈసారి నువ్వు లెక్కపెట్టమ్మా, నే దాక్కుంటా,
చూడకూడదు మరి" అని పరిగెత్తాడు.

గుట్టకి తిరిగి కళ్ళు మూసుకున్నాను.
తడి పీచు వాసన. దూరంగా వాడి కాళ్ళ చప్పుడు.

లాభం.